మూడు ఒకట్లు

ఈ సంగతి ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం వచ్చేది కాదు. చదవడం వచ్చిన తరువాత కూడా చాలా కాలం రాయడం రాలేదు. రెండూ ఒకటే కదా అని మీరు అనుకోవచ్చు. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లకు అక్షరం కంటికీ చేతికీ కలిసే వస్తుంది. నాకు నలభై దాటాక, మహిళా సంఘం మీటింగు అయిపోయిన తరువాత అరగంట సేపు చెప్పే చదువులో, మొదట సంతకం వచ్చింది. ఆ తరువాత బస్సు బోర్డులు వచ్చాయి. ఇంకో రెండేళ్లకు, వేలు పెట్టి జరుపుకుంటూ పోతే పేపరులో వార్త కూడా వచ్చింది. చెయ్యి మాత్రం నా పేరు దగ్గరే ఆగిపోయింది. సంతకం గబగబా పెట్టేదాన్ని. అది చూసి ఈమెకు రాయడం వచ్చని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. కాదనకపోవడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ఈ సంగతి జరగక ముందు మెట్‌పల్లిలో ఇరవై ఏళ్లు బీడీలు చేశాను. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, ఇరవై ఐదింటికి ఒక కట్ట. పొద్దుగూకే లోపల చాటలో కట్టలు పేర్చుకుని కంపెనీకి పోతే, అక్కడ చెకింగ్ చేసే ఆయన ఒక్కొక్క కట్టా తిప్పి చూసేవాడు. కొత్తగా పోతున్న రోజుల్లో ఒకసారి నేనే ముందుగా చెప్పాను. "సేటూ, గీ కట్టల ఆకు జర పలసగుంది" అన్నాను. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ఆ కట్టతో ఆగకుండా చాటలో సగం కట్టలు విప్పించి, గుప్పెడు గుప్పెడు తీసి పక్కన పారేశాడు. తిరిగి వస్తుంటే మా వాడకట్టు ముసలామె అంది: "నీకేమన్న పిచ్చా బిడ్డా? ఆయిన కండ్లు ఆయినకున్నయ్, చూసుకుంటడు. నీ నోటితోని నువ్వే చెప్తవా?"

ఆ మాట నాలో దిగిపోయింది. ఎవరైనా అడిగితే చెప్పాను. అడగకుండా మాత్రం మళ్లీ ఏ కట్ట గురించీ నోరు విప్పలేదు.

దగ్గు మొదలై డాక్టరు తంబాకు దగ్గర కూర్చోవద్దన్నాక కరీంనగర్ వచ్చాను. మా చెల్లెలి ఇంటి పక్కన గది తీసుకుని, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనికి కుదిరాను. ఊడవడం, తుడవడం, రెండు పూటలా చాయ్. ఆఫీసు నడిపే మేడమ్‌ది మంథని వైపు. భూమి ఉన్న కుటుంబం. అయినా వాళ్ల బాపు వడ్లు అమ్ముకోవడానికి యార్డులో కుప్ప పక్కనే మూడు రోజులు పడుకున్నాడట. ఆ కోపంతోనే ఆమె ఈ ఆప్ మొదలుపెట్టింది. రైతు యార్డుకు వచ్చిన పొద్దున ఫోనులో టోకెన్ తీసుకుంటాడు. ఒక నంబరు వస్తుంది. నంబరు ప్రకారం కాంటా. ఎవరినీ బతిమిలాడే పని లేదు.

ఆ ఆప్‌ను చూసుకునే ఇంజనీరుకు ముప్ఫై ఏళ్లుంటాయి. సాంచాల మీద బట్ట నేసే ఇల్లు వాళ్లది. ఆ చప్పుడులో పెరిగాడు కాబట్టి పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో కూడా వీధి అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. వాళ్ల అమ్మ చెల్లెలు కూడా బీడీలే చేస్తుందట. అందుకని నన్ను మొదటి రోజు నుంచీ చిన్నమ్మ అన్నాడు.

ఒకరోజు చాయ్ ఇచ్చి పోతుంటే నా చేతిలో ఫోను పెట్టాడు. "చిన్నమ్మ, నువ్వు పత్తి అమ్మనీకి వచ్చినవనుకో. జర టోకెన్ తీయి, చూద్దాం."

నేను ఆ తెర చూస్తూ నిలబడ్డాను. ఎక్కడ నొక్కాలో తెలియలేదు. ఎంతసేపటికీ తెలియలేదు. ఆయన నవ్వలేదు. తల గోక్కుని, మరునాటికల్లా ఆ తెర మీద ఒక్కటే పెద్ద బొత్తం ఉంచి మిగతావన్నీ తీసేశాడు. అట్లా నాలుగైదు సార్లు జరిగాక మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ఆప్‌లో ఏం మార్చినా, నేను రైతులాగా నొక్కి చూసి, కాగితం మీద సంతకం పెట్టిన తరువాతే బయటికి పోవాలి. కాగితంలో నలుగురు రైతులు ఉండేవాళ్లు. సొంత ఫోనుతో వచ్చినవాడు, పక్కవాడి ఫోనుతో తీసుకునేవాడు, కౌలు రైతు, ఆడమనిషి. నాలుగు టోకెన్లు తీసి నాలుగు టిక్కులు కొట్టాలి. కింద ఒక పెద్ద గడి. దాని మీద 'ఇతర విషయాలు' అని ఉండేది. నాకు ఆ రెండు మాటలూ చదవడం వచ్చు. ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అది ఖాళీగా ఉందంటే అంతా బాగున్నట్టేనని ఆఫీసులో అందరూ సంతోషపడేవాళ్లు.

ఇప్పుడు మీకు ఆయన చేసే పని కొంచెం చెప్పాలి. నాకు ఆయన చెప్పినట్టే చెబుతాను. "కంటైనర్ అంటే సద్దిడబ్బా అనుకో చిన్నమ్మ. ఆప్‌కు ఏమేం కావాల్నో అంత అండ్లనే కట్టి పెడ్తం. ఏ మిషిన్ మీద ఇప్పినా అదే తిండి ఉంటది. గసువంటి మిషిన్లు కొన్ని కలిపి ఉన్నదాన్ని క్లస్టర్ అంటరు. ఒక డబ్బా కింద పడ్డదనుకో, మనం చెప్పకుండనే అది ఇంకోటి తెచ్చి పెడ్తది." ఎన్ని డబ్బాలు నడవాలో ఒక ఫైలులో రాసి ఉంటుంది. అందులో అప్పటిదాకా ఒకటి అనే ఉండేది. మెట్‌పల్లి మార్కెట్‌లో పసుపుకూ మక్కలకూ ఆ ఒక్క డబ్బాతోనే నెలల తరబడి నడిచింది.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. యార్డులో ఏ రోజు నంబర్లు ఆ రోజు ఒకటి నుంచి మొదలు కావాలి. పాత రోజుల్లో చిట్టీలు ఇచ్చినప్పుడూ అంతే. అందుకని ఆయన పొద్దున రాగానే డబ్బాను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టేవాడు. లెక్క డబ్బా లోపలే ఉంటుంది కాబట్టి అది మళ్లీ ఒకటికి వచ్చేది. నేను చీపురు పక్కన పెట్టి ఒక టోకెన్ నొక్కేదాన్ని. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఆయన అరిచేవాడు: "ఒకటి వచ్చిందా చిన్నమ్మ?"

"వచ్చింది."

ఆ టోకెన్ తీసేసి, లెక్కను మళ్లీ ఒకటికి జరిపి మార్కెట్‌కు తెరిచేవాడు. దేవుడి ముందు దీపం పెట్టినట్టు రోజూ ఇదే. దీనిలో తప్పేమైనా ఉందని ఆఫీసులో ఉన్న పన్నెండు మందిలో ఎవరికీ తోచలేదు. మెట్‌పల్లిలో బాగా నడుస్తున్న పద్ధతిని ఎవరు అనుమానిస్తారు?

ఆదిలాబాద్ వైపు ఒక పెద్ద పత్తి యార్డు మాకు వచ్చింది. కొనుగోళ్లు మొదలయ్యే రోజుకు ముందు రోజు పొద్దున మేడమ్ అందరినీ నిలబెట్టి చెప్పింది. "రేపు మంచిగ నడిస్తే మిగతా యార్డులు గూడ మనకే వస్తయ్. నడవకుంటే గీ పనంత హైదరాబాద్ టీమ్‌కు ఇచ్చేయమని పైనోళ్లు అంటున్నరు." చెబుతూ ఇంజనీరు వైపు చూసింది. ఏడాది పాటు ఆ ఆప్‌ను పసిపిల్లలా చూసుకున్నది ఆయనే. ఆయన మెడ నిమురుకుని, "పత్తికి మంది ఎక్కువొస్తరు మేడమ్. మూడు పెడ్త" అన్నాడు. ఫైలులో ఒకటి తీసి మూడు రాశాడు. ఒక్క అంకె మార్పు.

నేను నా ఫోను పట్టుకుని కూర్చున్నాను. మొదటి రైతుకు టోకెన్ తీశాను. ఒకటి. రెండో రైతుకు తీశాను. ఒకటి. మధ్యలో ఆయన ఆపి మళ్లీ మొదలుపెట్టాడేమో అనుకున్నాను. మూడో రైతుకు తీశాను. మళ్లీ ఒకటే. నాలుగో రైతుకు రెండు వచ్చింది.

అక్షరాల దగ్గర నా కన్ను నన్ను మోసం చేస్తుందేమో కానీ, అంకెల దగ్గర చేయదు. నేను కట్టలు లెక్కపెట్టినదాన్ని. ఉన్నది ఉన్నట్టే చూశాను. అయినా కాగితం మీద ఆ గడి తెల్లగా కనిపిస్తోంది. ఇది చెబితే, "అయితే కింద రాయి చిన్నమ్మ" అంటారు. అంటే రాయాలి. నా చెయ్యి నా పేరు దాటి పోదు. అదీగాక ఇంజనీరు తనే ఆపి తీస్తున్నాడేమో, నేను అడిగి నవ్వులపాలు ఎందుకు కావాలి? ఆయన కళ్లు ఆయనకున్నాయి.

అప్పుడే ఆయన తెర మీది నుంచి తల తిప్పకుండా అరిచాడు. "ఒకటి వచ్చిందా చిన్నమ్మ?"

"వచ్చింది" అన్నాను.

అబద్ధం కాదు. మూడుసార్లు వచ్చింది. నాలుగు టిక్కులు కొట్టి, గడి ఖాళీగా వదిలి, సంతకం పెట్టాను. మేడమ్ ఆ కాగితం తన ఫైలులో పెట్టుకుంది.

పదకొండు గంటలకు కారులో బయలుదేరాం. యార్డులో రైతులకు టోకెన్ తీయడం చూపించడానికి నన్ను కూడా తీసుకుపోతోంది మేడమ్. ఇంజనీరు కరీంనగర్‌లోనే ఉన్నాడు. నొక్కి చూసే ఫోను కూడా అక్కడే ఉండిపోయింది.

జగిత్యాల దాకా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన మధ్యలో ఆపే ఉంటాడు. కానీ మూడుసార్లు నొక్కడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు కూడా కాదు. రెండు నిమిషాల్లో రెండుసార్లు ఎందుకు ఆపుతాడు? కోరుట్ల దాటాక నా కుడి చేతి వేళ్లు నాకు తెలియకుండానే కొంగు అంచును చుట్టడం మొదలుపెట్టాయి. బీడీ చుట్టినట్టే. విప్పడం, మళ్లీ చుట్టడం. మెట్‌పల్లిలో రోడ్డు పక్కన చాటలు నడుముకు ఆనించుకుని పోతున్న ఆడవాళ్లు కనిపించారు. తల తిప్పుకున్నాను.

నిర్మల్ దగ్గర చాయ్ కోసం ఆగాం. మేడమ్ ఫోనులో యార్డువాళ్లతో మాట్లాడుతూనే ఉంది. ఆమె ఫోను కిందికి దించిన క్షణం చూసి అడిగాను. "మేడమ్, పొద్దుగాల నేను చూస్తున్నప్పుడు ఆయిన ఆప్‌ను మధ్య మధ్యల బంద్ చేసి చాలూ చేసిండా?"

"ఎందుకక్కా?"

"ఊకెనే అడిగిన."

"రేపు నంబర్లు ఒకటి నుంచి రావాలె గద, చేసే ఉంటడు." ఫోను మళ్లీ మోగింది. ఆమె లేచి అవతలికి పోయింది.

ఆ జవాబును పట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కాను. దిగేసరికి అది చేతిలో నుంచి జారిపోయింది. మేడమ్‌కు తెలియదు కదా, ఊహించి చెప్పింది. లాడ్జిలో సామాన్లు పెట్టి, పొద్దు ఇంకా ఉండగానే ఇంజనీరుకు ఫోను చేశాను. ఏం అడగాలో మాటలు కూర్చుకున్నాను. ఆయన ఎత్తగానే తనే మొదలుపెట్టాడు. "చిన్నమ్మ, నువ్వేం పరేషాన్ గాకు. ఈసారి మూడు నడుస్తున్నయ్. ఒకటి పడ్డా ఇంక రెండుంటయ్. ఇంత గట్టిగ నేనెప్పుడు పెట్టలే. నువ్వు పోయిన పని మంచిగ చూస్కో."

ఆ గొంతులో అంత సంబరం ఉంటే నా మూడు ఒకట్లు ఎక్కడ పెట్టాలి? "సరే బిడ్డా" అని పెట్టేశాను.

మరునాడు పొద్దున యార్డుకు పోయేసరికి రోడ్డు పొడవునా పత్తి బండ్లు. ట్రాక్టర్లు, బొలెరోలు, మధ్య మధ్యలో ఎడ్ల బండ్లు. గేటు లోపల కాంటాకు పసుపు కుంకుమ పెట్టి ఉంచారు. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. కొనుగోళ్లు మొదలైన రోజు మొదటి బండికి పూజ చేస్తారు. కొబ్బరికాయ కొట్టి, ఆ రైతుకు శాలువా కప్పి, అప్పుడు కాంటా ఎక్కిస్తారు. నంబరు ఒకటి అంటే వరసలో ముందుండటం ఒక్కటే కాదు, ఆ ఏడాదికి ఆ యార్డులో అది మర్యాద.

ఏడు గంటలకు టోకెన్లు తెరుచుకున్నాయి. నేను బండ్ల మధ్య తిరుగుతూ ఎక్కడ నొక్కాలో చూపిస్తున్నాను. ఎవరి నంబరూ చూడటం లేదు. చూడటానికి భయం. కాసేపటికి మార్కెట్ అధికారి మైకులో పిలిచాడు. ఒకటో నంబరు బండి ముందుకు రావాలి.

మూడు బండ్లు కదిలాయి.

గేటుకు దగ్గరగా ఉన్న ఎడ్ల బండి ముసలాయన ముందుగా అన్నాడు. "ఒకటి నాది. నిన్న పొద్దుండంగనే వచ్చి గీడ ఎడ్లను ఇడిసిన."

బొలెరో పక్కన నిలబడిన ఆడమనిషి ఫోను పైకెత్తింది. "నీ ఎడ్లు ఎప్పుడొచ్చినయో నాకెందుకు కాకా. నా ఫోన్ల ఒకటున్నది, ఇగో సూడు."

ట్రాక్టరు మీది మనిషి కిందికి దిగాడు. "నాదిగూడ ఒకటే ఉన్నది దాదా. మరి నేనేడికి పోవాలె?"

వెనక నుంచి ఎవరో అన్నారు. "గిసారి మార్కెటోళ్లు అందరిని ఫస్ట్ పాస్ చేసిన్రు." నవ్వులు లేచాయి. "రెండో నంబరోళ్లు ఎంతమందున్రు? చేతులెత్తున్రి." మూడు చేతులు లేచాయి. అప్పుడు ఎవరూ నవ్వలేదు. బండ్లు ఒకదాని మీదికి ఒకటి జరగడం మొదలైంది. ట్రాక్టరు గేటుకు అడ్డం పడింది. ఎడ్లు బెదిరి వెనక్కి తన్నుకున్నాయి.

మార్కెట్ అధికారి మేడమ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. మేడమ్ ఇంజనీరుకు ఫోను కలిపి స్పీకర్ పెట్టింది.

"పొద్దుగాలనే ఆపి మళ్ల మొదలువెట్టిన మేడమ్. ఒకటి నుంచే మొదలైంది" అన్నాడు ఆయన.

"ఒకటి కాడనే మొదలైతది, ఒకటి కాడనే ఆగుతది" అన్నాడు అధికారి.

"చెక్ చేయకుండ ఎట్ల వదిలినవ్?" మేడమ్ ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

ఆయన చెప్పవలసింది ఒక్క ముక్క. చిన్నమ్మ చూసి సంతకం పెట్టింది కదా అనాలి. ఆ కాగితం మేడమ్ చంకలోని ఫైలులోనే ఉంది. నేను ఆ ముక్క కోసం ఎదురుచూశాను. ఆయన ఆ మాట అంటే నాకు తప్పించుకునే దారి ఉండదు, అనకపోతే బాగుండు అని కూడా అనుకున్నాను.

"నాదే తప్పు మేడమ్. నేనే సరిగ చూడలే" అన్నాడు.

"అయితే రేపటి నుంచి నువ్వు దీన్ని ముట్టకు. హైదరాబాదోళ్లకే ఇస్త."

నా వేళ్లు కొంగును చుట్టి చుట్టి బిగుసుకుపోయాయి. వదిలించుకుని ముందుకు పోయాను. "మేడమ్, ఆయిన మీద ఒర్రకున్రి. నేను నిన్ననే చూసిన."

"ఏం చూసిన్రు?"

"నాలుగు టోకెన్లు తీసిన. మొదటిది ఒకటి. రెండోది ఒకటి. మూడోది ఒకటి. నాలుగోది రెండు."

ఫోనులో ఇంజనీరు గొంతు మారింది. "చిన్నమ్మ, మళ్ల చెప్పు. మూడు ఒకట్లు, తర్వాత రెండా?"

"అవు."

"మూడే ఒకట్లా? నాలుగు కాదా?"

"మూడే."

కీబోర్డు చప్పుడు వినిపించింది. అర నిమిషం కూడా పట్టలేదు. "సమజైంది. డబ్బాలు మూడు పెట్టిన, లెక్క ఏ డబ్బాకు ఆ డబ్బాల ఉన్నది. దేని లెక్క అదే ఒకటి నుంచి వెడ్తున్నది. పేర్లు ఊర్లు అంత ఒక్క కాడ రాస్తున్నం గాని, నంబరును మాత్రం లోపలనే పెట్టి మర్చిపోయిన."

నాకు వెంటనే అర్థమైంది. ఒకే అరుగు మీద ముగ్గురం కూర్చుని బీడీలు చేస్తాం. ఎవరి కట్టలు వాళ్లే లెక్కపెట్టుకుంటాం. మొత్తం ఎన్నని అడిగితే ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

మేడమ్ నన్నే చూస్తోంది. "చూస్తే కింద ఎందుకు రాయలేదక్కా?"

చుట్టూ రైతులు, అధికారి, తెరిచి ఉన్న ఫోను. ఇంతమంది ముందు చెప్పాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. "నాకు రాయరాదు మేడమ్" అన్నాను.

"సంతకం?"

"గదొక్కటే వచ్చు."

బొలెరో ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మంచిగున్నది. తెలిసి గూడ నిన్నటి సంది నోరు మూస్కొనున్నదట."

ఆమె అన్నదానిలో తీసేయవలసిన మాట ఒక్కటి కూడా లేదు.

తరువాత జరిగింది వేగంగా జరిగింది. ఇంజనీరు ముందు మూడు డబ్బాలను ఒక్కటి చేశాడు. ఆ ఒక్కటి అంతమంది తాకిడికి ఓర్చుకోలేక పడిపోయింది. క్లస్టర్ తన పని తాను చేసి ఇంకొకటి తెచ్చి నిలబెట్టింది. కొత్త డబ్బా కొత్తగా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. "ఇగో, నాకు గూడ ఒకటొచ్చింది" అని వెనక నుంచి ఇంకొకాయన ఫోను ఊపాడు. మేడమ్ టోకెన్లు మొత్తం బంద్ చేయించింది. సరిచేయడానికి ఎంతసేపు అని అడిగితే, నంబరును డబ్బాల్లో నుంచి తీసి అందరికీ ఒకే చోట పెట్టాలని, మధ్యాహ్నం దాటుతుందని చెప్పాడు.

"అప్పటిదాంక ఎడ్లను నేను పట్టుకోని కూసోవాల్నా?" అన్నాడు ముసలాయన.

కాంటా దగ్గర బోర్డు కింద చాక్‌పీసులు ఉన్నాయి. రెండు తీసుకున్నాను. "నంబర్లు నేనేస్త మేడమ్. ఇంకెవలు ఎయ్యొద్దు. ఒక్క చెయ్యే ఎయ్యాలె."

మేడమ్ తల ఊపింది.

గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాను. మొదటిది ఎవరిదన్న మాట మళ్లీ వచ్చింది. బొలెరో ఆమె చెయ్యి విసిరింది. "ముసలాయనకే ఎయ్యి. ఆయిన ఎడ్లు గా ట్రాక్టర్ మీద తన్నకముందే లోపటికి తోలున్రి." ట్రాక్టరాయన తన బండిని వెనక్కి తీశాడు. ఎడ్ల బండి ముందరి చెక్క మీద ఒకటి వేశాను. బొలెరోకు రెండు, ట్రాక్టరుకు మూడు. నిలిచిన వరస చూసుకుంటూ రోడ్డు పొడవునా నడిచాను. పలకల మీద, డోర్ల మీద, ఒక చోట జాగా లేక చక్రం మీద కూడా వేశాను. కొందరు తిట్టారు. ఒకాయన తన అంకె తుడిచేసి ముందరిది వేసుకున్నాడు. అది నా చేతిది కాదని చూడగానే తెలిసిపోయింది. వెనక్కి పంపారు.

పూజ జరిగింది. శాలువా కప్పబోతే ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకుని కుడి ఎద్దు మీద వేశాడు. "నిన్నటి సంది నిలవడ్డది గిదే" అన్నాడు.

డెబ్బై ఒకటో బండి దగ్గర ఉండగా మేడమ్ ఫోను తెచ్చి ఇచ్చింది. ఇంజనీరు. మార్చినదాన్ని మూడు డబ్బాల్లోనూ పెట్టానని, డెబ్బై రెండు నుంచి వచ్చేలా చేశానని చెప్పాడు. మేడమ్ ఫోనులోనే నన్ను నొక్కమన్నాడు.

"ఈసారి ఒకటి వచ్చిందా అని అడగ చిన్నమ్మ. ఏమేం వస్తున్నయో చదువు."

"డెబ్బై రెండు" అన్నాను. మళ్లీ నొక్కాను. "డెబ్బై మూడు. డెబ్బై నాలుగు. డెబ్బై ఐదు." ఆయన ఆపమనలేదు. నేనూ ఆపలేదు. అట్లా ఇరవై టోకెన్లు చదివాను. తప్పలేదు. ఆ ఇరవై తీసేసి, లెక్కను మళ్లీ డెబ్బై రెండుకు జరిపి మార్కెట్‌కు తెరిచాడు.

ఆ రోజు బండ్లన్నీ కాంటా ఎక్కాయి. కానీ మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డవాళ్లు నిలబడ్డారు. అది నా లెక్కలోనే ఉంది.

సాయంత్రం యార్డు బయట చాయ్ తాగుతూ మేడమ్ ఫైలు తెరిచి పాత కాగితాలు తిరగేసింది. అన్నిటిలో గడి ఖాళీ. "ఇది చూసి నేను సంబురపడ్డనక్కా" అంది. ఫైలు మూసి అడిగింది. "ఇంకెన్నిసార్లు గిట్ల చూసి చెప్పలేదు?"

లేదని చెప్పవచ్చు. "ఇంక రెండుసార్లు" అన్నాను. మెట్‌పల్లిలో ఒకసారి ఊరి పేరు మారి వచ్చింది. ఇంకోసారి బొత్తం రెండుసార్లు నొక్కితే రెండు టోకెన్లు వచ్చాయి. ఆమె పెన్ను తీసి ఆ రెండూ తన చేతి మీద రాసుకుంది.

"ఆయిన పని ఆయినకే ఉంచుతరా మేడమ్?"

"పైనోళ్లతోని మాట్లాడాలె. మీరు చెప్పకుంటే రెండు రోజులు వెతుకుతుంటిమని చెప్త." ఆమె కప్పు కింద పెట్టింది. "ముందే చెప్తే ఇదంతా లేకుండె, అది గూడ చెప్త."

సరేనన్నాను. ఆ పని ఆయన చేతిలోనే మిగిలిందని తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆఫీసులో నేను చాయ్ ఇస్తుంటే ఆయన కప్పు అందుకునేవాడు, చిన్నమ్మ అనేవాడు, అంతకు మించి మాట్లాడేవాడు కాదు. కోపం కాదని తరువాత చెప్పాడు. నేను పొద్దుండగా ఫోను చేసినప్పుడు నన్ను మాట్లాడనివ్వనందుకు సిగ్గనిపించిందట.

ఇట్లాంటి ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఏదైనా మంచి మాట చెప్పమంటారు. నాకు తెలిసింది ఇంతే. పని చేసిన మనిషిని, పని అయిందా అని అడగకండి. అయిందంటారు. ఏం కనిపించిందో అడగండి. అడిగాక, చెప్పేదాకా ఆగండి. మీ ఆఫీసులో ఏదైనా గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటే, దాని ముందు కూర్చున్న మనిషిని ఒకసారి చూడండి.

యార్డులో కొనుగోళ్లు మొదలైన మరునాడు పొద్దున కరీంనగర్‌కు కారు వచ్చే లోపల లాడ్జి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాను. మేడమ్‌ను అడిగి నేను నాలుగు టిక్కులు కొట్టిన ఆ కాగితం తెచ్చుకున్నాను. ఆమె పెన్ను కూడా. నేను చెబితే రాసిపెడతానంది. వద్దన్నాను. హోటలాయన బల్ల మీద పేపరు ఉంది. అక్షరాలు చదవడం వచ్చు కాబట్టి వెతకడం వచ్చు. 'మూ' మొదటి పేజీలోనే దొరికింది. 'డు' ప్రతి వరసలోనూ ఉంది. 'ఒ' కోసం మూడు పేజీలు తిప్పాను. దొరికిన ప్రతి అక్షరం కింద ఎడమ చేతి వేలు ఉంచి, కుడి చేత్తో గడిలో దాన్ని చూసి దింపాను. 'ట్లు' దగ్గర పెన్ను రెండుసార్లు జారింది. చాయ్ చల్లబడింది. మేడమ్ ఎదురుగా కూర్చుని ఫోను చూసుకుంటున్నట్టు చూసుకుంటోంది. కారు వచ్చి హారన్ కొట్టింది. ఆమె చెయ్యి ఎత్తి డ్రైవరును ఆగమంది.

మూడు ఒకట్లు వచ్చినయి. తర్వాత రెండు.

అని రాశాను. మొన్న పెట్టిన సంతకం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ వాక్యం కింద కొత్తగా సంతకం పెట్టాను.